ఆన్ కాదు, ఆఫ్

నిశ్చితార్థమైన దగ్గర్నుంచీ ఇంగ్లీషు లెక్చరరుగారు కాబోయే భార్య ఇంగ్లీషును దిద్దుతూనే ఉన్నారు. ఆమె పళ్ళ డాక్టరు. ఆ చదువు ఆయన కంటికి ఆనలేదు.

ఒకరోజు ఆమె ఫోన్ చేసి, "ఆదివారం మీ ఇంటికొస్తున్నాను. ఐ యామ్ కాలింగ్ ఇట్ ఆఫ్," అంది.

ఆయన పడీ పడీ నవ్వారు. "కాల్ ఆఫ్ అంటే రద్దు చేసుకోవడం. ఇంటికి రావడాన్ని కాల్ ఆన్ అంటారు. చివరి ముక్క మారితే అర్థమే తలకిందులైపోతుంది. నీకు ఎన్నిసార్లు చెప్పాలి?"

"సరే, ఆదివారం వస్తాను," అని ఆమె పెట్టేసింది.

ఆ వారమంతా స్టాఫ్ రూములో ఆయన ఇదే చెప్పి అందర్నీ నవ్వించారు.

ఆదివారం తలుపు తీస్తూనే, "చూశావా, దీన్నే కాల్ ఆన్ అంటారు," అన్నారు.

ఆమె గుమ్మంలోనే నిలబడి, వేలికున్న ఉంగరం తీసి ఆయన చేతిలో పెట్టింది.

"ఫోన్లో నేను తప్పేం మాట్లాడలేదండి. కాకపోతే, తొందరపడుతున్నానేమోనని అప్పటికింకా మనసు పీకుతూనే ఉంది. మీరు నవ్వారు చూడండి, దాంతో తేలికపడింది."