వదులు మేకులు

ముప్పై ఏళ్లుగా శవపేటికలు చేస్తున్న వడ్రంగి, తన భార్య పెట్టె మూతకి రెండే మేకులు పెట్టి, అవీ సగం వరకే కొట్టి ఆపేశాడు.

"ఇదేం పని బావా? మోసేటప్పుడు మూత ఊడిపోదూ?" అన్నాడు బావమరిది. చర్చిలో పాస్టరు అతనే.

"నా పెట్టెల్లోంచి ఒక్కరైనా లేచారా అని మీ అక్కని ఏడిపించేవాణ్ణి. 'నేను లేస్తాగా, చూడండి' అనేది."

"నీకా నమ్మకం లేదుగా!"

"నాకు లేదు. దానికుంది. నా చేత్తో దానికి అడ్డంగా మేకులు కొట్టలేను." వడ్రంగి సుత్తి అందించాడు. "చనిపోయినవాళ్లు లేస్తారని ప్రతి ఈస్టరుకీ చెప్పేది నువ్వేగా. నువ్వే కొట్టు."

"సమాధి రాయే ప్రభువుని ఆపలేకపోయింది బావా, ఈ మేకులెంత?" అంటూ పాస్టరు సుత్తి ఎత్తాడు.

ఎత్తిన చెయ్యి ఎంతకీ కిందికి రాలేదు.