పాత బ్రౌజర్

“నా బిడ్డ ఫీజు పైసలు పోగొట్టి నిమ్మలంగ కూసున్నవా సేటూ?”

ఐలయ్య కేక అమీర్‌పేట మెట్రో మెట్ల దాకా వినిపించింది. నెట్ సెంటర్‌లో ఫారాలు నింపుతున్నవాళ్ళు తలలెత్తారు. యజమాని కేదార్ కుర్చీలోంచి లేచాడు.

నిన్న ఐలయ్య బోరబండ నుంచి వచ్చి, కూతురి నర్సింగ్ కాలేజీ ఫీజు పద్దెనిమిది వేలు ఇక్కడే కట్టించాడు. కార్డు నంబరు కొట్టింది ఇక్కడ పనిచేసే పింకీ. డబ్బు ఖాతాలోంచి పోయింది, కాలేజీకి చేరలేదు. ఈ రోజు సాయంత్రం ఐదుకు గడువు. కట్టకపోతే సీటు పోతుంది.

“పోలీసులకు చెప్పిన. అది దొంగ పేజీ అట. కంప్యూటర్ల బ్రౌజర్ పాతదైతే గసొంటియి పట్టలేదట!”

“నేను జీతానికి పనిచేసేదాన్ని, కాకా! నన్నేం అడుగుతవ్?” పింకీ గొంతు ఐలయ్య గొంతును మించింది. కేదార్ వైపు ఆమె చూడనైనా చూడలేదు. “అప్‌డేట్ చెయ్యమని మూడు నెలల సంది తెర మీద చూపిస్తనే ఉంది. ఓనరుకు పట్టాలె గదా!”

“మూడు నెలలా?” వరసలో ఉన్న ఉదయలక్ష్మి గుండె మీద చెయ్యి వేసుకుంది. “ఏంటండీ ఇది? మా కార్డులూ ఇందులోనే కొట్టాం కదా!”

కేదార్ చెవులు ఎర్రబడ్డాయి. పింకీ వైపు ఒకసారి చూశాడు.

“మాట్లాడవేందన్నా?” పింకీ వదల్లేదు. “కాక తట్టలు మోసి కూడబెట్టిన పైసలు! పంజాగుట్ట స్టేషన్‌కు నేనే వస్త కాకా, సాక్ష్యం చెప్త.”

“నీకున్న ఇంగితం గీయనకు లేదు బిడ్డా.”

కేదార్ కంప్యూటర్ ముందు కూర్చుని అప్‌డేట్ నొక్కాడు. బ్రౌజర్ మూసుకుని మళ్ళీ తెరుచుకుంది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

“చూసిన్రా? గింతే పని!” అంది పింకీ.

“కాలేజీ కాగితం ఇలా ఇవ్వండి ఐలయ్యగారూ.” కేదార్ అందులోని చిరునామాను ఒక్కో అక్షరం సరిచూసుకుంటూ కొట్టాడు. తన కార్డుతోనే పద్దెనిమిది వేలు కట్టి, రసీదు తీసి చేతికిచ్చాడు. “పోలీసులు మీ డబ్బు తెస్తే అప్పుడు నాకివ్వండి.”

“ఇప్పుడొచ్చిందా సిగ్గు?” ఐలయ్య రసీదు మడిచి జేబులో పెట్టుకున్నాడు. “గీ పిల్ల అడగకపోతే నా బిడ్డ సీటు పాయె.” పింకీ తల నిమిరి వెళ్ళిపోయాడు.

“ఇంకెప్పుడూ ఈ షాపు గడప తొక్కను,” అంటూ ఉదయలక్ష్మి చేతిలోని ఫారం బల్ల మీద విసిరికొట్టి అతని వెనకే దిగింది. మరో ఇద్దరు ఆమెను అనుసరించారు.

మిగిలినవాళ్ళు మళ్ళీ తమ ఫారాల్లో మునిగారు. కేదార్ పింకీ బల్ల దగ్గరికి వచ్చి, ఎవరికీ వినపడనంత మెల్లగా అన్నాడు.

“ఇక నుంచైనా నేను చెప్పిన రోజే అప్‌డేట్ చెయ్యమ్మా.”