హంగరీ ముసలామె

పద్మనాభం మూడో పేజీ కూడా తిప్పలేదు. నోట్‌బుక్కు మూసి బల్ల మీద విసిరేశాడు.

"ఏందప్పా సొన్నప్పా ఇది? 'ఓ విధీ, నా జీవన నౌకను ముంచితివా!' ఎవరు మాట్లాడతారు ఇట్లా? మీ ఇంట్లో మాట్లాడతారా?"

"పుస్తకంలో రాసేటప్పుడు అట్లా రాయాల గదా అని..." సొన్నప్ప నసిగాడు.

యాభై దాటిన మనిషి. కె.ఆర్.పురం దగ్గర ఒక ఫ్యాక్టరీలో డ్రైవరు. అక్కడికొచ్చే హంగరీ ఇంజినీర్లను ఆరేళ్లుగా కారులో తిప్పుతున్నాడు. ఈ నోట్‌బుక్కు నింపడానికి రెండేళ్లు పట్టింది. తన మాటలు ఒక్కసారి తెర మీద వినాలి. అంతే అతని ఆశ.

పద్మనాభానికి ఒళ్లు మండిపోతోంది. సోమవారం షూటింగు. కెమెరా చేతిలో ఉండేది పదిరోజులే. తీయబోయే మొట్టమొదటి సినిమాకు కథ ఉంది, మనుషులున్నారు, మాటలే లేవు. ముగ్గురు రాసిచ్చారు. మూడూ చించేశాడు.

కాటన్‌పేటలో బట్టల కొట్టు మేడ మీద ఫిల్మ్ సొసైటీ పెట్టి పదేళ్లయింది. పదేళ్లుగా అదే పోరు. ఏడుపొస్తే వీణ, కోపమొస్తే ఉరుము, పేదరాలి చీరకు ఇస్త్రీ మడత. ఇదా సినిమా అంటాడు. బహుమతులు కొట్టేవాటినీ వదలడు. "కెమెరా గేదె వెనక నాలుగు నిమిషాలు నడిస్తే అది కళ ఎట్లయితాది? గేదెకైనా బేజారైతాది!"

ఇప్పుడు సొన్నప్ప మీదికి వంగాడు.

"పోయిన నెల మనం వేసిన హంగరీ బొమ్మ గుర్తుండాదా?"

"ఉండాదప్పా."

ఎంబసీ పంపిన ఆ రీళ్లకు సబ్‌టైటిళ్లు లేవు. అట్లాంటివి వచ్చినప్పుడు సొసైటీలో ఒక పద్ధతి ఉంది. ఒక మనిషి తెర పక్కన మైకు పట్టుకొని, బొమ్మలోవాళ్లు నోరు తెరిచినప్పుడల్లా ఆ మాట తెలుగులో చెప్పాలి. హంగరీవాళ్లతో తిరిగేవాడు ఇంకెవడున్నాడని పద్మనాభమే సొన్నప్ప చేతికి మైకిచ్చి నిలబెట్టాడు.

"యుద్ధంలో పోయినాడనుకున్న మొగుడు పన్నెండేళ్లకొచ్చి వాకిట్లో నిలబడితే ఆ ముసలామె ఏమనింది? ఏడ్చిందా? కాళ్ల మీద పడిందా? 'ఒక మనిషికే వండినాను, కూర్చో' అనింది. అంతే! ముప్పైమందిమి గుడ్లనీళ్లు కుక్కుకున్నాం. రాయడమంటే అదప్పా!"

పద్మనాభం భార్య సావిత్రమ్మ రెండు లోటాల్లో కాఫీ తెచ్చింది.

"వచ్చిన మనిషిని కూర్చోమని కూడా అనకుండా వాయిస్తా ఉండావే! నీకంటే ఆ హంగరీ ముసలామే నయం."

"నువ్వుండవే! మనోళ్లకు చేతకాదనే నా బాధ. ఈ రాగిముద్ద తిని పెరిగిన బుర్రల్లో అట్లాంటి మాట పుట్టదు. పుట్టదంతే!"

సొన్నప్ప నిలబడే కాఫీ తాగాడు. నోట్‌బుక్కు సంచిలో పెట్టుకున్నాడు. మెట్ల దాకా పోయాడు.

"ఓయ్, కోపం చేసుకోవద్దు," పద్మనాభం గొంతు తగ్గింది. "నీకొక పని చెప్తా. ఆ ముసలామె మాటలన్నీ గుర్తు తెచ్చుకొని రాసియ్యి. గోడకు అంటిస్తా. నా సినిమాకు రాసేవాడెవడైనా సరే, అవి చదివినాకే పెన్ను పట్టాల. అట్నే, ఆ మాటలు రాసినోడు ఎవడో మీ ఇంజినీర్లను అడిగి కనుక్కో. వాడు దొరికితే కాళ్లు పట్టుకొనైనా నా సినిమాకు రాయించుకుంటా."

సొన్నప్ప మెట్టు మీద ఆగాడు.

"ఆ ముసలామె నిజంగా ఏమనిందో నాకేం తెలుసునప్పా," అన్నాడు మెల్లగా, "వాళ్ల భాషలో నాకొచ్చేది 'బండి నిలుపు' అనే ఒక్క మాటే."