ఇంకో డౌటుందక్కా

"మళ్ళీ వచ్చినావా అప్పా!"

టోకెన్లు రాసే కన్యకమ్మ పెన్ను పక్కన పడేసింది. ఎదురుగా చంద్రమోహన్, మడత నలగని చొక్కాలో, మొహమంతా నవ్వుతో నిలబడ్డాడు. నుదుటి మీద జుట్టు కాస్త వెనక్కి జరిగిందన్న మాటే గానీ, పిల్లవాడు పండగలా ఉన్నాడు.

"మేడం మూడు నెల్లకు రమ్మనె గదా? నువ్వేమో వారం వారం దిగబడతాండావు."

"ఇంకో డౌటుందక్కా."

డాక్టరు సునంద అంటే అనంతపురంలో చర్మానికీ, జుట్టుకూ పెట్టింది పేరు. ధర్మవరంలో పట్టుచీరల అంగడి నడిపే చంద్రమోహన్ మొదటిసారి వచ్చినప్పుడు ఇంత హుషారుగా లేడు. ఏడుపొక్కటే తక్కువ.

"పెండ్లయి రెండు నెల్లు గూడా కాలేదక్కా. పొద్దున్నే దిండు జూస్తే గుండె జారిపోతాంది. ఇట్లే ఊడితే నా పెండ్లాం ఏమనుకుంటుందో!" అని ఆ రోజు కన్యకమ్మ దగ్గరే మొరపెట్టుకున్నాడు.

సలహాలకు కరువు లేదు. వాళ్ళమ్మ ఉల్లిపాయ రసం రాయమంది. మేనమామ గుండు కొట్టించుకో, ఒత్తుగా వస్తుందన్నాడు. మంగలి తప్పంతా బోరు నీళ్ళదే అన్నాడు. హైవే పక్కన నూనె సీసాలమ్మేవాడు బట్టతలల ఫోటోలు చూపించి భయపెట్టాడు. ఎవరిని నమ్మాలో తెలియక ఇక్కడికొచ్చి పడ్డాడు.

డాక్టరమ్మ ఒక్క మాటలో తేల్చేసింది. "ఇది మీ తాతల ఆస్తి బాబూ, బోరు నీళ్ళ తప్పు కాదు. తొందరగా వచ్చావు కాబట్టి ఉన్నది నిలబెట్టుకోవచ్చు. మందు రోజూ రాయాలి, నెలల తరబడి ఓపిక పట్టాలి. పోయిందంతా మొలిపిస్తామని ఎవరైనా అంటే వాళ్ళ గడప తొక్కొద్దు. మూడు నెలల తర్వాత రా."

అక్కడితో అయిపోవాలి. కానీ మరుసటి వారమే హెల్మెట్ పెట్టుకుంటే జుట్టు ఊడుతుందా అని వచ్చాడు. ఆ పై వారం కోడిగుడ్డు సొన మంచిదేనా అని. డాక్టరమ్మ కాదంటే కాదని, అక్కర్లేదంటే అక్కర్లేదని నిమిషంలో చెప్పి పంపేది. ఆ నిమిషం కోసం అతను పూటంతా కూర్చునేవాడు. పైగా తన వంతు వస్తే పక్కవాళ్ళకిచ్చేసేవాడు.

"పెద్దాయనా, మీరు ముందు పోండి. నాకేం తొందర లేదు."

తొందరెందుకు ఉంటుంది? బెంచీ మీద పక్కనే ఆ పిల్ల ఉండేది.

పేరు అశ్విని, ఊరు సోమందేపల్లె. దుమ్ము గాలికి మొహమంతా స్కార్ఫు చుట్టుకుంటే కళ్ళు మాత్రమే కనిపించేవి. ఆ కళ్ళు ఎప్పుడూ నవ్వుతూనే ఉండేవి. నడుము దాటిన జడ బెంచీ మీద పాములా పడుకునేది. ఆ జడ పెట్టుకుని జుట్టు రాలుతోందని వచ్చింది! నీకేం లేదు పొమ్మని డాక్టరమ్మ చెప్పినా, ఆమెకూ వారం వారం ఒక డౌటు పుట్టుకొచ్చేది.

మాట కలిపింది ఆ పిల్లే. కన్యకమ్మ తన చెవులారా విన్నది.

"ఏం సార్, మీకూ ఊడతాందా?"

"ఊడేదానికి మిగిలుంటే గదా మేడం!"

అంతే, ఇద్దరూ పగలబడి నవ్వారు. ఆ తర్వాత వారం అతను ఉడకబెట్టిన శెనక్కాయలు తెచ్చాడు. ఆమె ఒలిచి గింజలు అతని అరచేతిలో పోసింది.

ఇవాళ కూడా అదే వరస.

"ఉల్లిరసం పూసుకున్యారా సార్?"

"పూసుకుంటి మేడం. ఇంట్లో పిల్లి గూడా దగ్గరికి రాల్యా."

"మరి మీ ఆవిడ?"

"ఆమె యాడొస్తుంది మేడం!" అంటూ గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

కన్యకమ్మకు ఒళ్ళు మండిపోయింది. ఆ పిల్ల కాలి మెట్టెలు ఇంకా తళతళలాడుతున్నాయి. మెడలో పసుపుతాడు రంగు వెలవనే లేదు. వీడేమో కొత్త పెళ్ళికొడుకు. ధర్మవరంలో ఏ అమాయకురాలో అన్నం వండుకుని ఎదురుచూస్తూ ఉంటుంది. రెండు కాపురాలు తన కళ్ళ ముందే కూలిపోతుంటే టోకెన్లు రాసుకుంటూ కూర్చోవాలా?

"ఏమప్పా, ఇట్లా రా. నువ్వు వచ్చేది నీ జుట్టు కోసమా, ఆ జడ కోసమా?"

చంద్రమోహన్ శెనక్కాయల పొట్లం వీపు వెనక్కి దాచుకున్నాడు.

"మీ ఇంటికి ఫోన్ జేస్తాండా."

అతను రెండు చేతులూ జోడించాడు. "వద్దక్కా! మాయమ్మకు తెలిస్తే కొంప మునుగుతుంది!"

"మీయమ్మతో నాకేం పని? చెప్పాల్సింది నీ పెండ్లానికి. నెంబరు చెప్పు. లేదంటే మేడంకు చెప్తా, మళ్ళీ ఈ మెట్లెక్కలేవు."

అతను బెంచీ వైపు చూశాడు. ఆ పిల్ల తల వంచేసుకుంది. భుజాలు అదురుతున్నాయి. ఏడువు, బాగా ఏడువు అనుకుంది కన్యకమ్మ.

వేరే దారి లేక అతను ఒక్కో అంకె చెప్పాడు. ఆమె ఒక్కో అంకె నొక్కింది. శెనక్కాయలు నములుతున్న ముసలాయన కూడా నమలడం ఆపేశాడు. నీ కాపురం జాగ్రత్త తల్లీ అని ఎలా మొదలుపెట్టాలో మనసులో కూర్చుకుంటూ కన్యకమ్మ ఫోను చెవికి ఆనించింది.

స్కార్ఫు పిల్ల తన బ్యాగులో మోగుతున్న ఫోను తీసి, నవ్వు ఆపుకోలేక ఆపుకోలేక, కన్యకమ్మ కళ్ళలోకే చూస్తూ అంది: "ఆషాఢం పోయేదాంకా మా అత్తకు మాత్రం చెప్పాకండక్కా!"