చల్లని గచ్చు

ఎండలకు తాళలేక హైదరాబాదులో డబ్బున్నవాళ్లు భూమి కిందికి చేరి చాలా ఏళ్లయింది. మూతబడ్డ భూగర్భ రైలు సొరంగాలే వాళ్ల ఇళ్లు. వాళ్లకు కొత్త ద్వారాలు కావాలి. అందుకని పాత స్టేషన్ భవనాలు ఎక్కడుండేవో వెతకడానికి మనుషుల్ని పెట్టారు. ఆనవాలు దొరికిన చోట ఆ మనుషులు నేల మీద ఎర్రరంగుతో గుర్తు పెడతారు. గుర్తు పడ్డ ఇల్లు కూల్చేస్తారు.

అలా వెతికేవాళ్లలో ఒకడైన విఠల్ ఆరోజు ఒక వీధంతా వెతికాడు. "మాకు తెల్వదు సార్" అన్నారందరూ. చివరి ఇంట్లో స్వరూప కూడా అదే చెప్పి తలుపు వేయబోయింది. ఎండదెబ్బకు అతను గడప మీదే తూలాడు.

లోపలి నుంచి ఆమె అత్త బుచ్చవ్వ కేకేసింది. "మనిషిని గట్ల నిలవెడ్తరానే? రా బిడ్డా, నా పక్కకు ఒరుగు. ఈడ సల్లగుంటది."

"అత్తమ్మా, జర ఊకోరాదు."

"పానం పోతుంటే ఏం ఊకునుడే?" అంటూ ముసలామె తాను పడుకునే చోటు అతనికిచ్చింది.

గచ్చు చల్లగా ఉంది. కింద బోలుగా ఉంటేనే అంత చల్లదనమని విఠల్ వీపుకు వెంటనే తెలిసింది. అయినా లేవలేదు. తననెవరూ ఇంత ప్రేమగా పడుకోబెట్టలేదనిపించి కళ్లు చెమర్చాయి. ఆ కృతజ్ఞత నిజమైనదే. అది తన పనికి ఏమాత్రం అడ్డురాకపోవడం చూసి అతనికే కాస్త ఆశ్చర్యం కలిగింది.

స్వరూప గొంతు తగ్గించింది. "అన్నా, ఈ జాగ పోతే ఆమె ఒక్క ఎండకాలం గూడ బతకది. నువ్వు సూడలేదనుకో."

అతను లేచి సంచిలోంచి ఎర్రరంగు డబ్బా తీశాడు. "జర జరుగు అవ్వా," అన్నాడు మెల్లగా.

"పానం కుదుటవడ్డదా బిడ్డా?" అంటూ బుచ్చవ్వ, అతనికి అడ్డం లేకుండా చాప తానే చుట్టి పక్కకు తీసింది.