నిద్రలేచిన కార్డు

అండమాన్‌లోని మాయాబందర్ జెట్టీ దగ్గరి ఇంట్లో సాయిలక్ష్మి రాత్రిళ్లు డ్రైవర్ రాసేది. వైర్‌లెస్ కార్డుతో కంప్యూటర్ మాట్లాడడానికి కావలసిన ప్రోగ్రామ్ అది. ఎవరైనా ఉచితంగా వాడుకుని మార్చుకోగల ఆపరేటింగ్ సిస్టమ్ కోసం, జీతం లేకుండా రాసేది. చేపల వేటలో తోటి పడవలకు కబురు పంపుకొమ్మని అలాంటి కార్డునే తమ్ముడు పైడిబాబు పడవలో బిగించింది. కాసేపు ఖాళీగా ఉంటే కార్డు నిద్రపోయేది. మళ్లీ లేచేది కాదు. ఆ తప్పు ఆమె రాసిన డ్రైవర్‌ది. అక్టోబరు తుఫానులో పైడిబాబు కబురు ఎవరికీ అందలేదు. అతనూ దొరకలేదు, పడవా దొరకలేదు.

నాలుగు నెలల తర్వాత, ఒక రాత్రి ఆ తప్పు దొరికింది. డ్రైవర్‌లో ఒక్క వరుస మార్చాక బల్ల మీది కార్డు లేచింది. చుట్టుపక్కల ఇంకే కార్డూ లేదని తెలిసినా, అలవాటుగా దానితో వెతికించింది. తెర మీద ఒక నంబరు వచ్చింది. అది పైడిబాబు కార్డుది.

చెరిపేసి మళ్లీ వెతికించింది. అదే నంబరు. ఆ కార్డు కబురు కిలోమీటరు దాటి రాదు, దానికి పెట్టిన బ్యాటరీ రెండు రోజులకు మించి ఉండదు. అయినా సిగ్నల్ కొంచెం కొంచెంగా పెరుగుతోంది.

“అప్పుడు లేపనేకపోయాన్రా, తమ్ముడా” అని సాయిలక్ష్మి నోరు నొక్కుకుని ఏడ్చింది.

పక్క గదిలో తల్లి అప్పలకొండ లేచింది. “ఎవులే వచ్చినారు?”

“కోయీ నహీ అమ్మా, ఎవులూ నేరు. తొంగో.”

“మరి గుమ్మంలో నీళ్లోడతన్న సప్పుడేటే?”

సాయిలక్ష్మి చెవి ఒగ్గి విన్నది. తెర మీద సిగ్నల్ నిండిపోయింది. తలుపు తీయడానికి ఆమె లేవలేదు. కార్డునూ ఆపేయలేదు.