నలభై మారుపేర్లు

“‘అరకప్పు’ అంటే ఎవరు తాతగారూ?”

పెద్దాయన కళ్లు మూసుకోలేదు, నుదురు రుద్దుకోలేదు. అడగ్గానే ఇంటిపేరుతో సహా చెప్పేశాడు.

“టీ ఎప్పుడూ సగమే తాగేవాడమ్మా. మిగతా సగం పక్కవాడికి పోసేవాడు. బట్టీ దగ్గర పని.”

ఆఫీసరమ్మ గబగబా రాసుకుంది. పాత కాగితాలు భద్రపరిచే కార్యాలయంలో ఆమెది ఉద్యోగం. బల్ల మీద సీసాల ఫ్యాక్టరీ కార్మిక సంఘం మినిట్స్ పుస్తకాలు ఆరున్నాయి. అంచులు పురుగు కొట్టేసింది. ముట్టుకుంటే పొడి రాలుతోంది. వాటి బూజు దులపడానికే ఆమెకు రెండు నెలలు పట్టింది. తీరా దులిపి తెరిస్తే లోపల ఒక్క మనిషి పేరూ లేదు. అరకప్పు లేచి మాట్లాడాడు. జడ్జిగారు బలపరిచాడు. సైరన్ ఒప్పుకోలేదు. ఇలా నలభై మంది!

ఈ ఘనకార్యం పెద్దాయనదే. ఆ రోజుల్లో సంఘానికి రాతపని చేసిందీ, మారుపేర్లు తగిలించిందీ ఆయనే. పుస్తకం యాజమాన్యం చేతిలో పడినా మనుషులు దొరక్కూడదని ఆ ఏర్పాటు. ఏ పేరు ఎవరిదో ఎక్కడా రాసుకోకూడదని సంఘం కట్టుబాటు.

సమ్మె ఓడిపోయింది. నలభై మందికీ పని పోయింది. చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యారు. ఇప్పుడు వాళ్లలో ఒక్కరూ బతికి లేరు. అడగాలంటే ఈయనొక్కడే దిక్కు.

ఈయన మాత్రం పిలవగానే వచ్చాడా? మూడు ఉత్తరాలకు ఉలుకూ పలుకూ లేదు. ఫోన్ చేస్తే కోడలు ఎత్తి, “మామయ్యగారికి ఒంట్లో బాగాలేదండీ” అనేది. ఆఖరికి ఆఫీసరమ్మే వెళ్లి వాళ్ల గుమ్మంలో కూర్చుంది. రేపటితో గడువు సరి. పేర్లు తేలకపోతే ‘సభ్యులెవరో తెలియదు’ అని చీటీ అంటించి, పెట్టె మూసేస్తారు. ఆ తర్వాత మొత్తుకున్నా లాభం లేదు.

“మీరు ఫ్యాక్టరీలో ఎప్పటిదాకా చేశారు తాతగారూ?”

“రిటైరయ్యేదాకా.”

అదీ రాసుకుంది. “సరే, ‘జడ్జిగారు’?”

“మీటింగు మొదలవగానే గురక పెట్టేవాడు. చివర్లో లేచి తీర్పు చెప్పేవాడు. మా మేనత్త కొడుకే. నాకు బావ.”

ఆఫీసరమ్మ పకపకా నవ్వింది. పెద్దాయన నవ్వలేదు.

గోడవార కుర్చీలో ఒక టైలరమ్మ పొద్దుటి నుంచి కూర్చుని ఉంది. ఆమె తండ్రిదీ ఆ ఫ్యాక్టరీయే. ఆయన పోయి ఇరవై ఏళ్లు దాటింది. సంఘమంటూ తిరిగి సంసారాన్ని గాలికొదిలేశాడని తల్లి తన చివరి రోజు దాకా సాధించింది. అసలు సంఘంలో ఉన్నాడా, ఊరికే కబుర్లు చెప్పేవాడా అని కూతురికే అనుమానం. తండ్రి మాట నిజమని ఒక్క కాగితం ముక్క చెబితే చాలు, ఆమెకు ఇంకేమీ అక్కర్లేదు.

“‘పెళ్లికొడుకు’?” అంది ఆఫీసరమ్మ.

పెద్దాయన చూపు బల్ల మీదికి దించుకున్నాడు. టైలరమ్మ వైపు చూడకుండా చెప్పాడు.

“ఈ అమ్మాయి వాళ్ల నాన్న. గంటకోసారి తల దువ్వుకునేవాడు.”

“అయ్యో, అవును బాబాయ్! అద్దం ముందు నుంచి కదిలేవాడే కాదు!”

టైలరమ్మ ఒక్క ఉదుటున లేచి వచ్చింది. ఆఫీసరమ్మ చూపించిన చోట వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివింది. ‘సమ్మె రోజుల్లో ఎవరింట పొయ్యి వెలగకపోయినా పిల్లల్ని మా ఇంటికి పంపండి అని పెళ్లికొడుకు చెప్పాడు.’

“మా ఇంట్లోనే పొయ్యి వెలిగేది కాదు, ఈయనగారేమో ఊళ్లో పిల్లలందర్నీ పిలిచాడు!” అని నవ్వింది. నవ్వుతూనే భోరుమంది. పెద్దాయన రెండు చేతులూ పట్టేసుకుంది.

“మీరు లేకపోతే మా నాన్న పేరు ఎవరికీ తెలిసేది కాదు బాబాయ్.”

ఆయన చేతులు వెనక్కి తీసుకోబోయాడు. ఆమె వదల్లేదు. ఏదో చెబుదామని నోరు తెరిచాడు. ఆమె ముఖం చూస్తే చెప్పేయాలనిపించింది. ఆ ముఖం చూసే చెప్పలేకపోయాడు. మంచినీళ్లు కావాలన్నాడు.

సాయంత్రం నాలుగింటికల్లా నలభై పేర్లూ పూర్తయ్యాయి. ఆఫీసరమ్మ సంబరానికి అంతులేదు.

“పట్టిక పైన మీ పేరు వేస్తున్నాం తాతగారూ. వీళ్లందర్నీ కాపాడిన మనిషి అని.”

“వద్దమ్మా.”

“భలేవారే! ఇంత మొహమాటమైతే ఎలా?”

“మొహమాటం కాదు తల్లీ. నా మాట విను. నా పేరు తీసెయ్.”

“ఇంకెక్కడ తీసేది? పైవాళ్లకు పంపేశాను కూడా. వాళ్లు ఎంత పొంగిపోయారో!”

ఆయన కూలబడినట్టు వెనక్కి ఆనుకున్నాడు. ఆఫీసరమ్మ కాగితం ముందుకు జరిపింది. ‘పై పేర్లన్నీ సరైనవేనని ధ్రువీకరిస్తున్నాను’ అని అడుగున ఉంది. టైలరమ్మ పెన్ను మూత తీసి మరీ అందించింది.

“నలభై అయిదేళ్ల నాటి సంగతి. ఒక్క పేరు దగ్గరైనా తడుముకోలేదు. ఎలా గుర్తున్నాయండీ?” అని అడిగింది ఆఫీసరమ్మ.

ఆయన తల ఎత్తకుండా సంతకం పెట్టాడు.

ఈ నలభై పేర్లూ వరసగా చెప్పి, కింద సంతకం పెట్టడం ఆయనకిది రెండోసారి. మొదటిసారి పెట్టించుకున్నది ఫ్యాక్టరీ మేనేజరు.